కోటలు, కోరలు, కత్తెర: యూరప్ పాత శృంగార హారర్ సినిమాలకు గిరాకీ ఎందుకు తగ్గలేదు

క్లుప్తంగా: 1957 నుంచి 1980ల తొలి ఏళ్ల దాకా బ్రిటన్, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్, బెల్జియం, పశ్చిమ జర్మనీల్లో తక్కువ ఖర్చుతో తీసిన శృంగార హారర్ సినిమాలు ఇప్పుడు 4కె డిస్కులుగా తిరిగొస్తున్నాయి. అప్పట్లో జనాన్ని థియేటర్‌కు రప్పించిన నగ్నత్వం ఇవాళ ఎవరికీ కొత్త కాదు. అయినా ఆసక్తి నిలిచి ఉండటానికి కారణం ఆ దృశ్యాలు కావు. సెన్సార్ నిబంధనలు, చాలీచాలని బడ్జెట్, పలు దేశాల ఉమ్మడి పెట్టుబడి కలిసి ఆ సినిమాలకు ఇచ్చిన కలలాంటి రూపమే అసలు కారణం.

పాత సినిమాలను డిస్కులుగా అమ్మే బ్రిటిష్, అమెరికన్ కంపెనీల జాబితాల్లో ఒక రకం బొమ్మలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పాడుబడ్డ కోట, కొవ్వొత్తి పట్టుకుని నడవాలో తిరిగే తెల్లగౌను స్త్రీ, మెడ మీద రెండు గాట్లు. 1960, 70ల్లో ఇలాంటి సినిమాలు పేటల్లోని చిన్న థియేటర్లలో ఆడి వెళ్లిపోయేవి. పత్రికల్లో సమీక్ష దక్కడమే అరుదు, దక్కినా తిట్లే ఎక్కువ. ఇప్పుడు వాటి నెగెటివ్‌లను కొత్తగా స్కాన్ చేసి, మందపాటి వ్యాసాల పుస్తకం జతచేసి, పరిమిత ప్రతులుగా అమ్ముతున్నారు.

కొత్తగా చూసేవారికి అయోమయం ఇక్కడే మొదలవుతుంది. శృంగారం కోసమే అయితే ఇంతకు వంద రెట్లు ఫోన్‌లోనే దొరుకుతుంది. భయం కోసం అనుకుంటే ఇవాళ్టి ప్రేక్షకుణ్ణి ఇవి పెద్దగా భయపెట్టలేవు. గాల్లో ఎగిరే గబ్బిలం రబ్బరుదని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. పోనీ కథ కోసమా అంటే, చాలావాటిలో కథ సగం దారిలోనే తప్పిపోతుంది. మరి మిగిలిందేమిటి? ఏది చూపకూడదు, ఎంతకు మించి ఖర్చు పెట్టకూడదు, ఏ దేశంలో ఎలా అమ్మాలి అనే లెక్కల మధ్య నలిగి తయారైన ఒక రూపం మిగిలింది. తర్వాత వచ్చినవాళ్లు కావాలని ప్రయత్నించినా ఆ రూపం పూర్తిగా పట్టుబడలేదు.

భయం చాటున

ఇటలీలో మాటల సినిమా మొదలైన పాతికేళ్లకు పైగా హారర్ జోలికి ఎవరూ వెళ్లలేదు. 1957లో రికార్డో ఫ్రెడా తీసిన 'ఐ వాంపిరి'నే అక్కడి తొలి హారర్ టాకీగా లెక్కిస్తారు. సరిగ్గా అదే ఏడాది బ్రిటన్‌లో హామర్ ఫిల్మ్స్ అనే చిన్న సంస్థ 'ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'ను రంగుల్లో తీసింది. మరుసటి ఏడాది 'డ్రాక్యులా' వచ్చింది. రెండింటికీ దర్శకుడు టెరెన్స్ ఫిషర్. డ్రాక్యులాగా క్రిస్టఫర్ లీ వేశాడు.

1931లో హాలీవుడ్ తీసిన డ్రాక్యులాతో దీన్ని పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఆ నలుపు తెలుపు సినిమాలో రక్తపిశాచికి కోరలే కనిపించవు. కాటు వేసే క్షణానికి కెమెరా పక్కకు తప్పుకుంటుంది. హామర్ సినిమాలో కోరలున్నాయి, ఎర్రటి నెత్తురుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బాధితురాలి ఎదురుచూపు ఉంది. లూసీ అనే పాత్ర మెడలోని శిలువ తీసేసి, కిటికీ తలుపులు తెరిచి, మంచం మీద పడుకుని వచ్చేవాడి కోసం చూస్తుంటుంది. ఆ గదిలో తర్వాత ఏం జరుగుతుందో ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

భయం, కోరిక అనే ఈ రెండు భావాలను ఒకే కథలో కలపడం వెనక ఒక తెలివైన లెక్క ఉంది. అప్పటి సెన్సార్ అధికారులకు పడక దృశ్యాన్ని ఎలా కత్తిరించాలో బాగా తెలుసు. కాటును ఏం చేయాలి? అది కథలో జరిగే హత్యాప్రయత్నం. అందులో శృంగారం ఉందని అధికారులు పసిగట్టకపోలేదు, బ్రిటిష్ సెన్సార్ సంస్థ అభ్యంతరాలు కూడా చెప్పింది. కానీ నటి ముఖంలో ఉన్నది భయమా, కోరికా అన్నది తేల్చి, ఫిల్ములో ఫలానా అడుగు దగ్గర కోయండి అని చెప్పడం కష్టం. ఆ సందు దర్శకులకు చాలా దూరం దారి ఇచ్చింది.

బ్రిటన్‌లో 1951లోనే 'ఎక్స్' సర్టిఫికెట్ వచ్చింది. పదహారేళ్లు దాటినవారికి మాత్రమే ప్రవేశం. మొదట్లో పెద్ద సంస్థలు ఆ ముద్రకు భయపడ్డాయి. హామర్ మాత్రం దాన్నే పోస్టర్ మీద ప్రచారానికి వాడుకుంది. 1970లో ఆ వయసును పద్దెనిమిదికి పెంచారు. నిబంధన కఠినమైనట్టు కనిపిస్తుంది గానీ, ఫలితం అందుకు తిరగబడింది. థియేటర్‌లో ఉన్నవాళ్లంతా పెద్దలే కాబట్టి సెన్సార్ పట్టు సడలింది. అదే ఏడాది హామర్ ఒక అమెరికన్ సంస్థ డబ్బుతో 'ద వాంపైర్ లవర్స్' విడుదల చేసింది. అంతవరకు సూచనగా మాత్రమే ఉన్న శృంగారం అక్కడి నుంచి తెరమీదికే వచ్చింది.

హక్కుల ఖర్చు లేని కథ

'ద వాంపైర్ లవర్స్'కు ఆధారం ఐర్లండ్ రచయిత షెరిడన్ లె ఫాన్యు రాసిన 'కార్మిల్లా' అనే పెద్దకథ. 1870ల మొదట్లో వచ్చింది. అంటే డ్రాక్యులా నవలకు పాతికేళ్లు ముందు. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో ఒంటరిగా ఉండే ఒక ఇంటికి ఒక యువతి అతిథిగా వస్తుంది. ఆ ఇంటి అమ్మాయితో గాఢమైన స్నేహం చేస్తుంది. ఆమె రక్తపిశాచి అని తేలేసరికి చాలా ఆలస్యమవుతుంది.

నిర్మాతలకు ఈ కథ నచ్చడానికి మొదటి కారణం సాహిత్యాభిమానం కాదు. రచయిత 1873లోనే చనిపోయాడు కాబట్టి ఎవరికీ హక్కుల డబ్బు కట్టక్కర్లేదు. డ్రాక్యులా విషయంలో అలా కుదిరేది కాదు, హామర్ సైతం 1931 డ్రాక్యులా తీసిన యూనివర్సల్ స్టూడియోతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. అందుకే కార్మిల్లా దేశాలు తిరిగింది. ఫ్రాన్స్‌లో రోజే వదీమ్ 1960లో దీన్ని 'బ్లడ్ అండ్ రోజెస్'గా తీశాడు. ఇటలీలో 1964లో ఒకటి వచ్చింది. హామర్ కార్మిల్లా వంశం పేరు మీద వరుసగా మూడు తీసింది. స్పెయిన్‌లో విసెంతే అరాందా 1972లో తన కాలానికి తెచ్చి, కొత్తగా పెళ్లయిన జంట కథగా మార్చాడు.

రెండో కారణం కథలోని కదలికలో ఉంది. డ్రాక్యులా బయటినుంచి దాడి చేస్తాడు. కార్మిల్లాను ఇంటివాళ్లే ఆదరించి లోపలికి తీసుకొస్తారు. దాడి కథకు పరుగు కావాలి, సెట్లు కావాలి, గుర్రాలు కావాలి. ఆతిథ్యం కథకు రెండు గదులు, ఇద్దరు నటీమణులు, నాలుగు కొవ్వొత్తులు చాలు. చవక సినిమాకు ఇంతకంటే అనువైన కథ దొరకదు. నెమ్మదిగా పెరిగే సాన్నిహిత్యం, అది ప్రేమా వేటా అని తేలని స్థితి ఈ సినిమాల మూడ్‌కు మూలమయ్యాయి.

దయ్యమూ మోహమూ కలిసిన కథలు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. విఠలాచార్య 'జగన్మోహిని' (1978) ఇప్పటికీ చాలామందికి గుర్తే. అయితే యూరప్ రక్తపిశాచికి ఒక ప్రత్యేకత ఉంది: ఆమె ఆస్తిపరురాలు. కౌంటెస్ అనే బిరుదు, కోట, నౌకర్లు, తరాల నాటి నగలు. హంగరీకి చెందిన ఎలిజబెత్ బాతొరీ (1560–1614) అనే జమీందారీ స్త్రీ మీద పుట్టిన రక్తస్నానాల గాథలు కూడా ఈ కథల్లో తరచు వచ్చి చేరేవి. ఊరి జనం నెత్తురు తాగి యవ్వనం నిలుపుకునే జమీందారు కుటుంబం అంటే 1960ల చివరి యూరప్ యువతకు రాజకీయ అర్థం కూడా తోచేది. దర్శకులందరూ దాన్ని ఉద్దేశించారని చెప్పలేం. చాలామందికి కోట చవగ్గా అద్దెకు దొరకడమే ముఖ్యం. ఇటలీలోని బల్సోరానో కోటను ఒక సినిమా తర్వాత ఇంకో సినిమాలో చూసి గుర్తుపట్టే అభిమానులు ఉన్నారు.

ఒకే సినిమా, నాలుగు రూపాలు

ఈ సినిమాల వింత అంతా అర్థం కావాలంటే వాటి వ్యాపారం వైపు చూడాలి. 1955లో ఇటలీలో దాదాపు 82 కోట్ల సినిమా టికెట్లు అమ్ముడయ్యాయి. అంత జనానికి నగరాల్లోని పెద్ద హాళ్లు చాలవు. మన ఏ, బీ, సీ సెంటర్ల మాదిరిగానే అక్కడా మొదటి, రెండో, మూడో దఫా ప్రదర్శనల హాళ్లు ఉండేవి. మూడో దఫా హాళ్లకు వారంవారం కొత్త బొమ్మ కావాలి, అది చవగ్గా ఉండాలి. పౌరాణిక వీరుల సినిమాలు, కౌబాయ్ సినిమాలు, గూఢచారి సినిమాలు, హారర్ సినిమాలు అన్నీ ఆ ఆకలి తీర్చడానికి అలలుగా వచ్చినవే.

డబ్బు ఒక్క దేశంలో పుట్టేది కాదు. యుద్ధం తర్వాత ఇటలీ, ఫ్రాన్స్‌లు సహ నిర్మాణ ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ పద్ధతిలో తీసిన సినిమా రెండు దేశాల్లోనూ స్వదేశీ సినిమా కిందే లెక్క. రెండు ప్రభుత్వాల రాయితీలూ దక్కుతాయి. తర్వాత స్పెయిన్, పశ్చిమ జర్మనీ కూడా చేరాయి. బదులుగా ప్రతి దేశం నుంచి కొందరు నటులు, కొందరు సాంకేతిక నిపుణులు ఉండి తీరాలి. దాంతో ఒకే సన్నివేశంలో ఒకరు ఇటాలియన్, ఒకరు జర్మన్, ఒకరు ఇంగ్లిష్ మాట్లాడేవారు. తర్వాత అన్నిటికీ డబ్బింగే. కొనేవాళ్లు ఇంగ్లిష్ సినిమా అనుకోవాలని దర్శకులు ఇంగ్లిష్ పేర్లు కూడా పెట్టుకునేవారు. ఫ్రెడా 'రాబర్ట్ హాంప్టన్' అయ్యాడు, మారియో బావా ఒక సినిమాకు 'జాన్ ఎం. ఓల్డ్' అయ్యాడు.

ఇక సెన్సార్. ప్రతి దేశానిదీ ఒక్కో తీరు. బావా తీసిన 'బ్లాక్ సండే' (1960)ను బ్రిటన్ 1968 దాకా అనుమతించలేదు. ఆ సినిమాలో అభ్యంతరం హింస మీద. స్పెయిన్‌లో అభ్యంతరం దాదాపు ప్రతిదాని మీదా ఉండేది. జనరల్ ఫ్రాంకో నియంతృత్వంలో కాథలిక్ నీతికి భంగం కలిగించే ఏదీ తెరకెక్కకూడదు. కానీ ఎగుమతులతో వచ్చే విదేశీ డబ్బు కావాలి. ఈ రెంటికీ మధ్య నిర్మాతలు కనిపెట్టిన మార్గం జంట రూపాలు. ఒకే సన్నివేశాన్ని నటీమణి ఒంటినిండా బట్టలతో ఒకసారి, లేకుండా ఇంకోసారి తీసేవారు. మొదటిది స్వదేశానికి, రెండోది ఎగుమతికి. ఇంకో తమాషా కూడా ఉంది. పాల్ నాషీ పేరుతో ప్రసిద్ధుడైన హసింతో మొలీనా 1968లో తోడేలు మనిషి కథ రాస్తే, అలాంటి రాక్షసుడు స్పెయిన్ దేశస్థుడు కాకూడదన్నారు. అలా వాల్దెమార్ దనిన్‌స్కీ అనే పోలండ్ తోడేలు మనిషి పుట్టాడు. ఆ పాత్ర తర్వాత పదికి పైగా సినిమాల్లో తిరిగింది.

స్పెయిన్ దర్శకుడు హెసూస్ ఫ్రాంకో (నియంతతో చుట్టరికం లేదు, పేరొక్కటే) ఈ పద్ధతిని దాని చివరి అంచుదాకా తీసుకెళ్లాడు. 150కి పైగా సినిమాలు తీసినట్టు లెక్క. ఒకే సినిమాకు హారర్ రూపం ఒకటి, శృంగార రూపం ఒకటి, అంతకు మించినది ఇంకొకటి ఉండేవి. జాజ్ సంగీతం మీద ఇష్టంతో క్లిఫర్డ్ బ్రౌన్ లాంటి జాజ్ కళాకారుల పేర్లను మారుపేర్లుగా వాడాడు. ప్రఖ్యాత అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ దగ్గర 'చైమ్స్ ఎట్ మిడ్‌నైట్'కు పనిచేసిన మనిషి ఇలా చుట్టేసిన సినిమాలు తీయడం చాలామందికి మింగుడుపడలేదు.

పంపిణీదారుల చేయి ఎంత దూరం వెళ్లేదో చెప్పడానికి బావా 'లిసా అండ్ ద డెవిల్' (1973) చాలు. కాలం స్తంభించిన ఒక భవంతిలో దారితప్పిన యాత్రికురాలి కథ ఇది. కొనేవాళ్లు దొరకలేదు. ఈలోగా అమెరికా నుంచి 'ద ఎక్సార్సిస్ట్' వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. నిర్మాత వెంటనే భూతవైద్యం సన్నివేశాలు కొత్తగా తీయించి, అసలు సినిమాను వాటి మధ్య ముక్కలుగా ఇరికించి 'ద హౌస్ ఆఫ్ ఎక్సార్సిజం' అని 1975లో వదిలాడు. మన దగ్గర బిట్లు కలపడం అంటారే, ఆ పని ఇక్కడ సినిమా మొత్తానికీ జరిగింది.

లోటు శైలిగా మారిన తీరు

బావా మొదట కెమెరామన్. తండ్రి కూడా సినిమా ట్రిక్కుల నిపుణుడే. 'ఐ వాంపిరి' షూటింగ్ మధ్యలో ఫ్రెడా వెళ్లిపోతే మిగిలింది ఆయనే పూర్తి చేశాడు. అందులో ఒక యువతి ముఖం కట్ లేకుండా కళ్లముందే ముసలిదైపోతుంది. రహస్యం చాలా సులువైనది. ముడతలను ముందే ఒక రంగు మేకప్‌తో గీశారు. అదే రంగు వెలుతురు పడినప్పుడు అవి కనబడవు, వెలుతురు రంగు మారగానే బయటపడతాయి. నలుపు తెలుపు ఫిల్ముకు రంగు మార్పు తెలియదు, ముడతలు మాత్రమే తెలుస్తాయి. ఖర్చు రెండు లైట్ ఫిల్టర్లు. తర్వాత రంగుల్లోకి వచ్చాక బావా ఆకుపచ్చ, ఊదా, ఎరుపు దీపాలను ఏ కారణమూ లేకుండా గోడల మీద పోసేశాడు. ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తోందని ఎవరూ అడగరు. అడగకుండా ఉండటమే ఆ సినిమాల్లోకి ప్రవేశం.

ధ్వని విషయం ఇంకా ఆసక్తికరం. ఇటలీలో సెట్ మీద శబ్దం వాడుకునే అలవాటే లేదు. అంతా తర్వాత స్టూడియోలో. 'బ్లాక్ సండే'తో ఈ రకం సినిమాలకు మహారాణి అయిన బార్బరా స్టీల్ బ్రిటిష్ నటి. అయినా ఆ సినిమాలో వినబడే గొంతు ఆమెది కాదు, ఇంగ్లిష్ ప్రింటులో కూడా. పెదవుల కదలికకూ మాటకూ మధ్య వెంట్రుకవాసి ఎడం, గాలి చప్పుడు లేని తోట, అడుగుల శబ్దం మాత్రమే పెద్దగా వినబడే నడవా. సాంకేతికంగా చూస్తే ఇవన్నీ లోపాలే. కానీ కథ నిద్రలో నడిచేవాళ్ల గురించి, చచ్చి బతికినవాళ్ల గురించి అయినప్పుడు ఆ లోపాలు కథకు సరిగ్గా అతుక్కున్నాయి.

ఫ్రాన్స్‌లో జాఁ రోలాఁ (1938–2010) దీన్ని కవిత్వం దాకా తీసుకెళ్లాడు. ఆయన తొలి పెద్ద చిత్రం 1968 మే నెలలో, పారిస్ వీధుల్లో అల్లర్లు జరుగుతుండగా విడుదలైంది. కొత్త సినిమాలు పెద్దగా లేని ఆ రోజుల్లో జనం బాగానే వచ్చారు, వచ్చి తెరమీదికి వస్తువులు విసిరారు. పాత వాంపైర్ సినిమాకు జోడీగా వేయడానికి తీసిన చిన్న చిత్రానికి రెండో భాగం అతికించి పెంచిన సినిమా అది. మొదటి భాగంలో చచ్చిపోయినవాళ్లు రెండో భాగంలో లేచి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత సినిమాల్లో రక్తపిశాచి పెద్ద గోడగడియారంలోంచి బయటికొస్తుంది. చాలా చిత్రాల్లో నార్మండీ తీరంలో దియెప్ పక్కనున్న అదే గులకరాళ్ల బీచ్ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చిన్ననాటి నుంచీ ఆ చోటంటే ఆయనకు మక్కువ, పైగా అక్కడ షూటింగ్‌కు సెట్ ఖర్చు లేదు. రోలాఁ నటులకు నటన రాదని చాలామంది అంటారు, అది నిజమే. మాట పలకడం రానివాళ్లు మౌనంగా నిలబడి సముద్రం వైపు చూస్తే మాత్రం ఆ ఫ్రేమ్ వేరే స్థాయికి వెళ్తుంది.

హెసూస్ ఫ్రాంకో 'వాంపైరోస్ లెస్బోస్' (1971) మరో దారి పట్టింది. కథాస్థలం ఇస్తాంబుల్. కోట లేదు, పొగమంచు లేదు, ఎండ ఉంది. డ్రాక్యులా నవలలో కోటకు వెళ్లే మగ లాయర్ స్థానంలో ఇక్కడ లిండా అనే యువతి ఉంటుంది. రక్తపిశాచి కౌంటెస్ ఎండలో పడుకుంటుంది. నియమాలన్నీ తలకిందులయ్యాక మిగిలేది కౌంటెస్‌గా వేసిన సొలెదాద్ మిరాందా కళ్లు, వెనక సితార్, ఆర్గన్‌లతో సాగే విచిత్రమైన సంగీతం. కెమెరా జూమ్ అవుతూ ఫోకస్ తప్పిపోతుంటుంది. ట్రాలీ వేసే సమయం, డబ్బు లేక జూమ్ వాడారన్నది ఒక మాట. కానీ ఆ జూమ్ కథ చెప్పడం మానేసి ఒక ముఖం మీదే ఆగిపోయే చూపులా పనిచేస్తుంది. మిరాందా ఆ సినిమా విడుదల చూడలేదు. 1970 ఆగస్టులో పోర్చుగల్‌లో కారు ప్రమాదంలో 27 ఏళ్లకే మరణించింది. ఆమె చుట్టూ ఏర్పడిన ఆరాధనలో ఈ విషాదం పాత్ర తక్కువేమీ కాదు.

సంగీతం గురించి ఒక మాట చెప్పి తీరాలి. ఈ సినిమాల్లో డబ్బుకు తగ్గ పని కంటే ఎక్కువ పని జరిగిన విభాగం అదొక్కటే. ఇటలీలో ఎన్నియో మొరికోనె, బ్రూనో నికొలాయ్ లాంటివాళ్లు చిన్న సినిమాలకూ పనిచేసేవారు. 'వాంపైరోస్ లెస్బోస్' రీరికార్డింగ్‌లోని బాణీలు 1995లో సీడీగా వచ్చి, సినిమా చూడనివాళ్లలో కూడా పాకాయి. వాటిలో ఒకదాన్ని క్వెంటిన్ టరంటీనో 'జాకీ బ్రౌన్' (1997)లో వాడుకున్నాడు.

చూపు ఎవరిది?

ఈ సినిమాలను పొగిడేవారు తరచు దాటేసే విషయం ఒకటుంది. వీటిని తీసింది దాదాపు అందరూ మగవాళ్లే, ఉద్దేశించింది మగ ప్రేక్షకులను. ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను చూపింది సానుభూతితో కన్నా టికెట్ల కోసమే ఎక్కువ. ముగింపు కూడా దాదాపు ఒకటే: ఊరి పెద్దమనుషులు గుంపుగా వెళ్లి, శవపేటిక తెరిచి, ఆమె గుండెల్లో మేకు దిగ్గొడతారు లేదా తల నరుకుతారు. గంటన్నర ఆమె స్వేచ్ఛను ఆస్వాదించి, చివరి అయిదు నిమిషాల్లో శిక్ష వేసి ప్రేక్షకుణ్ణి నిశ్చింతగా ఇంటికి పంపే ఏర్పాటు ఇది. 'ద వాంపైర్ లవర్స్' సరిగ్గా ఇలాగే నడుస్తుంది.

అయితే సినిమా మొత్తంలో బతికున్నట్టు కనిపించేది ఆమె ఒక్కతే. ఇంగ్రిడ్ పిట్ వేసిన కార్మిల్లా ముందు ఆ పెద్దమనుషులు కొయ్యబొమ్మల్లా ఉంటారు. ఈ పొంతన లేనితనమే 1980ల నుంచి స్త్రీవాద విమర్శకులను ఆకర్షించింది. సినిమా ఏం చెప్పాలనుకుందో, తెరమీద ఏం జరిగిందో రెండూ ఒకటి కావు అన్నది వారి వాదనల్లో ముఖ్యమైనది.

దీనికి బలమైన ఉదాహరణ బెల్జియం దర్శకుడు హారీ క్యూమెల్ తీసిన 'డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్' (1971). చలికాలం, సీజన్ కాని రోజులు, ఓస్టెండ్ తీరంలో ఖాళీగా ఉన్న పెద్ద హోటల్. కొత్తగా పెళ్లయిన జంట, వాళ్లతో పాటు దిగిన కౌంటెస్ బాతొరీ, ఆమె వెంట ఒక యువతి. బాతొరీగా వేసింది డెల్ఫీన్ సెరిగ్. 'లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్' (1961)తో ఫ్రెంచ్ కళాత్మక సినిమాకు ముఖంగా నిలిచిన నటి ఆమె. పాత హాలీవుడ్ తార మార్లీన్ డీట్రిష్‌ను తలపించే వేషంతో, ఎప్పుడూ గొంతు పెంచకుండా, మెత్తగా నవ్వుతూ నటించింది. చూస్తూ ఉండగా అర్థమయ్యేదేమంటే, ఈ కథలో నిజమైన క్రూరుడు కొత్త పెళ్లికొడుకే. బెల్టుతో భార్యను కొట్టేది అతను. పిశాచి ఆమెకు చూపించేది బయటికి దారి. సెరిగ్ ఆ పాత్రను ఊరికే ఒప్పుకుందని అనుకోలేం. అదే 1971లో గర్భస్రావ హక్కు కోసం ఫ్రాన్స్‌లో 343 మంది స్త్రీలు చేసిన బహిరంగ ప్రకటనపై ఆమె సంతకం ఉంది. 1982లో స్త్రీవాద రచయిత్రి సిమోన్ ద బోవా పేరుతో పారిస్‌లో దృశ్యశ్రవణ కేంద్రాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు.

ఇదొక్కటి చూపించి మొత్తం సినిమాలన్నిటినీ స్త్రీవాద సినిమాలనడం అతి అవుతుంది. వందల్లో వచ్చిన వాటిలో చాలా భాగం చూడలేనంత నాసిరకం. ఇవాళ పేర్లు వినబడేవి ఒక పాతిక, ముప్పై.

గిరాకీ ఎలా పడిపోయింది

1973లో వచ్చిన 'ద ఎక్సార్సిస్ట్' హారర్‌ను కోటల్లోంచి నగరంలోని మామూలు ఇంట్లోకి తెచ్చింది, పైగా పెద్ద స్టూడియో బడ్జెట్‌తో. హామర్ మీద అమెరికన్ సంస్థలకు ఆసక్తి పోయింది, 1970ల మధ్యకల్లా ఆ సంస్థ హారర్ సినిమాలు ఆగిపోయాయి. శృంగారం వైపు నుంచి దెబ్బ ఇంకోలా తగిలింది. ఫ్రాన్స్ 1975 చివర్లో అశ్లీల చిత్రాలకు 'ఎక్స్' వర్గీకరణ పెట్టి, విడి హాళ్లకు పరిమితం చేసి భారీ పన్నులు వేసింది. అంటే ఒక పక్క అంతా చూపించే సినిమాలు చట్టబద్ధమయ్యాయి, మరో పక్క అందులోకి వెళ్లినవాళ్లకు లాభం మిగల్లేదు. సగం చూపించి సగం ఊహకు వదిలే రకానికి మధ్యలో చోటే లేకుండా పోయింది. రోలాఁ అంతటివాడు బతుకుతెరువు కోసం మారుపేరుతో ఆ సినిమాలే తీశాడు.

స్పెయిన్‌లో నియంత 1975లో పోయాడు, 1977లో సినిమా సెన్సార్ రద్దయింది. జంట రూపాల అవసరం పోవడంతో పాటు వాటి చాటుమాటు ఆకర్షణ కూడా పోయింది. ఇటలీలో 1976లో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు టీవీకి దారి తెరిచింది. రాత్రిళ్లు ఇంట్లోనే ఉచితంగా సినిమాలు వస్తుంటే మూడో దఫా హాలుకు వెళ్లేదెవరు? 1975లో 51 కోట్లున్న టికెట్ల అమ్మకం 1985కి 12 కోట్లకు పడింది.

డిస్కుల మీద రెండో జీవితం

వీడియో టేపులు ఈ సినిమాలను బతికించాయి, వికారంగా కూడా చేశాయి. వెడల్పు ఫ్రేమ్‌ను టీవీ కొలతకు కోసి, రంగు వెలిసిన ప్రింటు నుంచి కాపీ చేసేవారు. బ్రిటన్‌లో 1984 వీడియో చట్టం ప్రతి టేపుకూ సర్టిఫికెట్ తప్పనిసరి చేయడంతో చాలా ఇటాలియన్ హారర్ సినిమాలు దుకాణాల నుంచి మాయమయ్యాయి. దొరకనిదాని కోసం వెతకడం అభిమానులకు ఒక వ్యసనమైంది. ఐదో తరం కాపీలు పోస్టులో చేతులు మారేవి. 1994లో కాథల్ టోహిల్, పీట్ టూంబ్స్ ఈ సినిమాల చరిత్రను 'ఇమ్మోరల్ టేల్స్' అనే పుస్తకంగా రాసేసరికి ఆ వెతుకులాటకు ఒక పటం దొరికింది.

భారతీయ హారర్‌కు కూడా ఇక్కడ ఒక కొస తగులుతుంది. ఆ టూంబ్సే తర్వాత మోండో మకాబ్రో అనే డిస్కుల సంస్థ నడిపాడు. రామ్సే సోదరుల 'పురానా మందిర్' (1984), 'బంద్ దర్వాజా' (1990) అదే సంస్థ ద్వారా విదేశీ అభిమానులకు డీవీడీల్లో చేరాయి. హామర్ ప్రభావం రామ్సే సినిమాల్లో దాచినా దాగదు, 'బంద్ దర్వాజా' అయితే డ్రాక్యులా కథే. రంగు దీపాలు, పొగ, పాడుబడ్డ హవేలీ, చేతిలో ఉన్నంతలో షూటింగ్: పరిస్థితులు దగ్గరగా ఉన్నచోట శైలి కూడా దగ్గరైంది.

డీవీడీ, ఆ తర్వాత బ్లూరే వచ్చాక నెగెటివ్‌ల వేట మొదలైంది. మొదటిసారి సరైన రంగుల్లో, పూర్తి ఫ్రేమ్‌తో చూసినవాళ్లకు ఇవి చవక సినిమాల్లా కాక చిత్రలేఖనంలా కనిపించాయి. పారిస్‌లోని సినిమా భాండాగారం సినిమాటెక్ ఫ్రాంసేజ్ 2008లో హెసూస్ ఫ్రాంకో చిత్రాలను ప్రదర్శించింది. మరుసటి ఏడాది స్పెయిన్ ఆయనకు గౌరవ గోయా పురస్కారం ఇచ్చింది. కొత్త తరం దర్శకులూ అటు చూశారు. బెల్జియంలో పనిచేసే హెలెన్ కాటే, బ్రూనో ఫోర్జానిల 'అమెర్' (2009), పీటర్ స్ట్రిక్‌ల్యాండ్ 'ద డ్యూక్ ఆఫ్ బర్గండీ' (2014), అమెరికాలో ఆనా బిల్లర్ 'ద లవ్ విచ్' (2016) ఆ రంగులను, ఆ ధ్వనులను శ్రద్ధగా తిరిగి కట్టాయి. బిల్లర్ స్త్రీ కావడం వల్ల చూపు దిశ కూడా మారింది. ఇవి మంచి సినిమాలే. కానీ వీటిలో ప్రతిదీ అనుకున్నట్టే జరుగుతుంది. పాతవాటిలో తర్వాతి షాట్ ఏమవుతుందో తీసినవాళ్లకే తెలియదేమో అనిపించే తడబాటు ఉంటుంది. అది నకలుకు అందదు.

పునరుద్ధరణ ఒక కొత్త చిక్కు కూడా తెచ్చింది. అయిదు దేశాల్లో అయిదు నిడివులతో ఆడిన సినిమాకు అసలు రూపం ఏది? జర్మన్ ప్రింటులో ఉన్న సన్నివేశాన్ని ఫ్రెంచ్ నెగెటివ్‌కు చేర్చి 'పూర్తి వెర్షన్' అంటే, అది ఎన్నడూ ఏ థియేటర్‌లోనూ ఆడని సినిమా. కొన్ని కంపెనీలు ఈ గొడవ లేకుండా రెండు రూపాలూ ఒకే పెట్టెలో పెడుతున్నాయి. 'లిసా అండ్ ద డెవిల్'ను, దాన్ని చెడగొట్టి చేసిన 'ద హౌస్ ఆఫ్ ఎక్సార్సిజం'నూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. ఇటాలియన్ ట్రాక్ పెట్టుకోవాలా, ఇంగ్లిష్ ట్రాక్ పెట్టుకోవాలా అన్న సందేహానికి మాత్రం జవాబు తేలికే. రెండూ డబ్బింగే కాబట్టి ఏది బాగా అర్థమైతే అది.